చెప్పులు వేసుకుంటూ అడిగే ప్రశ్నలు: అన్యభాషలు, స్వస్థత, ఓటు గురించి శ్రీకాకుళం విశ్వాసులు తరచుగా అడిగేవి

ఆదివారం ఆరాధన అయిపోయాక, మందిరం గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ మెల్లగా అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. లోపల అందరి ముందు అడగడానికి మొహమాటం. నేను గురువారం సాయంత్రం బైబిలు తరగతి నడుపుతాను కాబట్టి అవి ఎక్కువగా నా దగ్గరికి వస్తాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది. అందుకని రాసి పెట్టాను.

ముందు ఇది చెప్పండి. మీది ఏ డినామినేషన్ (క్రైస్తవ శాఖ)?

మా అమ్మ తరఫు వాళ్లు బాప్టిస్టులు. 19వ శతాబ్దం చివర్లో కెనడా బాప్టిస్టు మిషనరీలు శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం వైపు మొదలుపెట్టిన సంఘాలు ఉన్నాయి కదా, ఇప్పుడు సి.బి.సి.ఎన్.సి. అంటాం, అందులోంచి వచ్చాం. మా ఆవిడ పుట్టిల్లు పెంతెకొస్తు. పెళ్లయిన కొత్తలో ఆవిడ గదిలో అన్యభాషల్లో, అంటే ఆత్మ పలికిస్తాడని నమ్మే, తనకే తెలియని మాటల్లో ప్రార్థన చేసుకుంటుంటే మా అమ్మ వంటింట్లోంచి గరిటతో సహా పరిగెత్తుకొచ్చి "ఏటమ్మా, ఏటైనాది?" అని కంగారు పడింది. ఇప్పుడు అత్తాకోడళ్లిద్దరూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఒకరు గట్టిగా, ఇంకొకరు పెదవి కూడా కదపకుండా. నేను పాస్టరును కాను. రెండు వైపులా చుట్టాలే, రెండు వైపులా తిట్లే.

సువార్తికులు, పెంతెకొస్తు, కరిష్మాటిక్ అంటారు. తేడా ఏంటి?

బైబిలే చివరి మాట, సిలువ మీద క్రీస్తు చేసిన పనివల్లే రక్షణ, ప్రతి మనిషీ తనంతట తాను మారుమనస్సు పొందాలి, ఆ సంగతి పదిమందికీ చెప్పాలి. ఈ నాలుగింటినీ గట్టిగా పట్టుకున్నవాళ్లు సువార్తికులు. డినామినేషన్ ఏదైనా కావచ్చు.

అన్యభాషలు, ప్రవచనం, స్వస్థత లాంటి పరిశుద్ధాత్మ వరాలు ఇప్పటికీ ఉన్నాయని నమ్మేది పెంతెకొస్తు ఉద్యమం. ఆ మాట అనగానే 1906లో లాస్ ఏంజెలస్‌లోని అజూసా వీధి పేరు చెబుతారు. అక్కడ నడిపించినాయన విలియం సేమోర్, బానిసత్వంలో పుట్టిన తల్లిదండ్రులకు పుట్టిన నల్లజాతి బోధకుడు. అయితే అంతకు ఏడాది ముందే, 1905లో, మహారాష్ట్రలోని కేడ్గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో వితంతువులు, అనాథ పిల్లల మధ్య ఇలాంటి ఉజ్జీవమే, అంటే భక్తి ఉప్పెనే, వచ్చింది. కాబట్టి ఇదంతా అమెరికా సరుకని కొట్టిపారేసేవాళ్లు కొంచెం ఆగాలి. కరిష్మాటిక్ అనే మాట తర్వాత వచ్చింది. 1960లో కాలిఫోర్నియాలో డెనిస్ బెన్నెట్ అనే ఎపిస్కోపల్ గురువు, తనకూ అన్యభాషల అనుభవం కలిగిందని సొంత సంఘానికి చెప్పేశాడు. అప్పటినుంచి పాత సంఘాల్లోనే ఉంటూ ఆత్మ వరాలను నమ్మేవాళ్లకు ఆ పేరు స్థిరపడింది.

మన తెలుగు కథ వేరు. లూథరన్ సంఘంలోంచి వచ్చిన దేవదాసు అయ్యగారు 1938లో బైబిలు మిషను మొదలుపెట్టారు. దర్శనాలు, స్వస్థత ప్రార్థనలు అక్కడ మొదటినుంచీ ఉన్నాయి, ఎవరి దగ్గరా దిగుమతి చేసుకోలేదు. సువార్త ప్రచారకుడు భక్తసింగ్ గారి సహవాసాల్లో అన్యభాషల హడావిడి లేకపోయినా పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆరాధన, ఆ పైన ప్రేమ విందు. ఇవన్నీ కలిసిపోయి, ఇవాళ మన జిల్లాలో ఏ మందిరంలో కూర్చున్నా నాలుగైదు ఏరుల నీళ్లు ఒకే గెడ్డలో పారుతున్నట్టు ఉంటుంది.

అపొస్తలుల (యేసు పంపిన తొలి శిష్యుల) కాలంతోనే వరాలు ఆగిపోయాయని మా పెద్దలు అంటారు. మీరేమంటారు?

అపొస్తలుడు పౌలు రాసిన 1 కొరింథీయులకు పత్రిక 13వ అధ్యాయంలో "పూర్ణమైనది" వచ్చినప్పుడు ఇవి ఆగిపోతాయని ఉంది. ఆ పూర్ణమైనది పూర్తయిన కొత్త నిబంధన అని మీ పెద్దల వాదన. కానీ మరో రెండు వచనాలు దాటగానే ముఖాముఖిగా చూస్తామని ఉంది. మనం ఇంకా ముఖాముఖిగా చూడటం లేదు. అందుకే ఆగిపోయాయని నేను అనలేను. అలాగని మైకులో వినపడిందంతా పరిశుద్ధాత్మ మాటే అని కూడా అనలేను. నా గొడవంతా ఈ రెండో దాని గురించే.

మా పాప ఇంటర్ చదువుతోంది. యూత్ రిట్రీట్‌కి వెళ్లొచ్చి ఒకటే ఏడుపు. అందరికీ అన్యభాషలు వచ్చాయట, తనకి రాలేదట. తనలో ఆత్మ లేడా?

ఉన్నాడు. పాపకి 1 కొరింథీయులకు 12:30 చూపించండి. అందరూ భాషలతో మాట్లాడుతున్నారా అని పౌలు అడిగిన తీరులోనే "లేదు" అన్న జవాబు ఉంది.

ఒక రిట్రీట్‌లో నేనూ వెనక నిలబడి చూశాను. ఓ తమ్ముడు పిల్లల్ని వరసగా మోకాళ్ల మీద ఉంచి "స్తోత్రం అనండి, ఇంకా వేగంగా, ఇంకా వేగంగా" అంటున్నాడు. వందసార్లు అనేసరికి ఎవరికైనా నాలుక మడతపడుతుంది. "అదిగో, వచ్చేసింది!" అని వాడి తల మీద చెయ్యి వేస్తున్నాడు. ఎర్ర లారీ తెల్ల లారీ అని గబగబా అన్నా అదే జరుగుతుంది బాబూ. పిల్లల్ని అలా పోల్చి చూసుకునేలా చేయడం పాపమని నా ఉద్దేశం. మెత్తటి మాట దొరకడం లేదు.

మా ఆవిడకి ఆ వరం ఉంది. ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాను, అది నటన కాదని నాకు తెలుసు. అయితే ఆవిడ సంఘంలో దాన్ని గట్టిగా వాడదు. ఎందుకంటే 14వ అధ్యాయంలో లెక్క ఉంది: ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ ఒకరి తర్వాత ఒకరు, అర్థం చెప్పేవాడు లేకపోతే మౌనం. ఆవిడ పుట్టింటి సంఘంలో మాత్రం ఆ లెక్క ఎవరూ పాటించరు. పండగలకి వెళ్లినప్పుడల్లా ఆవిడే వాళ్లకి గుర్తుచేస్తుంది, వాళ్లు నవ్వేసి భోజనానికి లేస్తారు.

మా అబ్బాయికి డీఎస్సీలో ఉద్యోగం వస్తుందని ఓ దైవజనుడు పేరుపెట్టి ప్రవచించారు. రాలేదు. ఇప్పుడు మా విశ్వాసం తక్కువైందని అంటున్నారు.

2025 మెగా డీఎస్సీలో రాష్ట్రం మొత్తం మీద పోస్టులు 16,347. రాసినవాళ్లు లక్షల్లో. ఆ నెలల్లో మన వైపు ఉపవాస కూటాల్లో ఉద్యోగ ప్రవచనాలు ఎన్ని పంచారో మీకూ తెలుసు. అన్నీ నెరవేరాలంటే ప్రభుత్వం ఇంకో నోటిఫికేషన్ వేయాలి.

మీ అబ్బాయి మీద నింద వేయడం మాత్రం అన్యాయం. ద్వితీయోపదేశకాండము 18:22 ప్రకారం, చెప్పింది జరగకపోతే తప్పు చెప్పినవాడిది. వినినవాడి విశ్వాసం ఎన్ని డిగ్రీలు ఉందో కొలవమని అక్కడ లేదు.

మన సంఘాల్లో ఒక వచనాన్ని సగానికి కోసి వాడుతున్నాం. 1 కొరింథీయులకు 14:29. ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడవచ్చు, ఇది మొదటి సగం. "తక్కినవారు వివేచింపవలెను", ఇది రెండో సగం. మొదటి సగానికి మనం స్టేజీ కట్టాం, సౌండ్ బాక్సులు పెట్టాం, ఫ్లెక్సీ వేశాం. రెండో సగానికి కుర్చీ కూడా వేయలేదు. తక్కినవారు అంటే ఎవరు? మీరు, నేను, వెనక చాప మీద కూర్చున్న అవ్వ.

మా తరగతిలో ఒక నోట్‌బుక్ పెట్టాం. రెండు వందల పేజీల మామూలు లాంగ్ నోట్‌బుక్. ఎవరైనా ప్రవచనం చెబితే తేదీ, చెప్పినవారి పేరు, చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తాం. ఆరు నెలల తర్వాత పేజీ తిప్పి చూస్తాం. కొన్ని జరిగాయి. ఒకటైతే ఒళ్లు జలదరించేలా జరిగింది, ఆ ఇంటివాళ్ల అనుమతి లేకుండా ఇక్కడ రాయను. చాలావాటిని మాత్రం జరిగాయో లేదో తేల్చలేకపోయాం. "దేవుడు నీ కోసం కొత్త తలుపు తెరవబోతున్నాడు" అన్నదాన్ని ఎలా సరిచూడాలి? అలా చెప్పించుకున్నాయన ఆ ఏడాది నిజంగానే ఇంటికి కొత్త తలుపు పెట్టించాడు, టేకుది. అది నెరవేర్పు కింద రాయాలా వద్దా అని అరగంట వాదించుకున్నాం.

ఓసారి బయటి ఊరినుంచి వచ్చిన బోధకుడు ఆ పుస్తకం చూసి "ఇదేంటి, దేవుని సేవకుడికి పరీక్ష పెడుతున్నారా?" అన్నాడు. మా తరగతిలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. "అవునయ్యగారూ, సిలబస్ పౌలుగారే ఇచ్చారు" అన్నారు. ఆ రోజు ఆ బోధకుడు ప్రవచనం చెప్పలేదు. వాక్యం చెప్పాడు. బాగా చెప్పాడు కూడా.

పెళ్లి సంబంధం గురించి ప్రవచనం వస్తే?

పిల్లనీ పిల్లవాడినీ అడగండి.

మా అత్తయ్యది కవిటి. వారానికి రెండుసార్లు డయాలసిస్. స్వస్థత కూటంలో "నువ్వు బాగైపోయావు, ఇక మిషన్ దగ్గరికి వెళ్లకు" అన్నారు. ఆపేయమంటారా?

ఆపకండి. మిగతాది తర్వాత చదవండి, ముందు ఆవిడకి ఫోన్ చేసి తర్వాతి డయాలసిస్ ఏ రోజో కనుక్కోండి.

ఉద్దానం గురించి మనవాళ్లకి కొత్తగా చెప్పేదేముంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి తోటలు, జీడి తోటలు, ప్రతి వీధిలో ఒక కిడ్నీ ఫైలు. దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నా కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకలతో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఇలాంటి చోట స్వస్థత అనే మాటకి ఎంత ఆశ పుడుతుందో నాకు తెలుసు. అందుకే ఆ మాటని చౌకగా వాడేవాళ్ల మీద నాకు కోపం ఎక్కువ.

డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. కొన్ని రోజులు చాలు. దేవుడు నిజంగా స్వస్థత ఇస్తే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రిపోర్టులో అది కనిపిస్తుంది. అప్పుడు డాక్టరే ఆపేస్తాడు. ఇది అవిశ్వాసం అనేవాళ్లకి ఒకటే చెబుతాను: కుష్ఠరోగుల్ని బాగుచేసిన ప్రభువే, వెళ్లి యాజకుడికి చూపించుకోండి అన్నాడు. ఆ కాలంలో కుష్ఠు పోయిందో లేదో చూసి నిర్ధారించే పని యాజకుడిది. అంటే యేసుప్రభువు చేసిన స్వస్థతకే వేరేవాళ్ల పరీక్ష ఉంది. మన టెంట్‌లో జరిగినదానికి అక్కర్లేదా?

పౌలు త్రోఫిమును మిలేతులో జబ్బుతో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). తిమోతికి కడుపు జబ్బు ఉంటే నూనె రాసిన గుడ్డ పంపలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. ఆయనతో తిరిగిన లూకా వైద్యుడు. వీళ్లెవరికీ విశ్వాసం తక్కువని ఎవరూ అనలేదు. యాకోబు 5:14 మాత్రం నేను గట్టిగా నమ్ముతాను: రోగి సంఘ పెద్దల్ని పిలిపించుకోవాలి, వాళ్లు వచ్చి నూనె రాసి ప్రార్థన చేయాలి. అక్కడ నడిచి వెళ్లేది పెద్దలు. ఎండలో లైనులో నిలబడేది రోగి కాదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మంత్రమహిమతో జబ్బులు నయమవుతాయని ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే కేంద్ర చట్టం వచ్చింది. చట్టంలో రాసిన జబ్బుల పేర్లు పెట్టి ఫ్లెక్సీలు వేసేవాళ్లు ఒకసారి అది చదువుకోవాలి.

పలాస బస్సులో ఓసారి నా పక్కన ఒకావిడ కూర్చుంది. ఎడమ చేతికి డయాలసిస్ కోసం చేసిన ఫిస్టులా ఉబ్బి ఉంది, దాని మీద చీర కొంగు కప్పుకుంది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో రిపోర్టులు, వాటి మధ్య చిన్న నూనె సీసా. మూత సరిగా లేక ఓ రిపోర్టు అంచుకి నూనె పట్టి కాగితం అద్దంలా మారింది. నేను చూడటం చూసి "రెండూ ఉండాల బాబూ" అంది. నేను చదివిన వ్యాఖ్యాన గ్రంథాలు ఇంతకన్నా బాగా చెప్పలేదు.

మా కోడలు పురుడు పోసుకున్నాక ఒంటరిగా కూర్చుంటోంది, ఎవరితోనూ మాట్లాడదు, బిడ్డని ఎత్తుకోదు. దయ్యమని అంటున్నారు.

పురుడు తర్వాత వచ్చే డిప్రెషన్ ఇలాగే ఉంటుంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, లేదా 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వం నడిపే టెలీమానస్, ఉచితం. తెలుగులో మాట్లాడతారు. దురాత్మలు లేవని నేను అనను, సువార్తల్లో ఉన్నాయి. కానీ అవే సువార్తల్లో జుట్టు పట్టుకుని కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం, రాత్రంతా నిద్రపోనివ్వకపోవడం ఎక్కడా లేవు. అలాంటిది ఎవరైనా మొదలుపెడితే ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేయండి. తర్వాత పాస్టరుగారు ఏమనుకున్నా ఫరవాలేదు.

కానుక వేయమంటూ "వెయ్యి విత్తితే లక్ష కోస్తావు" అంటున్నారు. నిజమేనా?

కాదు. ఈ బోధ ఎక్కడిదంటే, అమెరికాలో ఇ.డబ్ల్యు. కెన్యన్, ఆ తర్వాత కెనెత్ హేగిన్ లాంటివాళ్లు చెప్పిన "విశ్వాసపు మాట" బోధ. నోటితో పలికితే జరుగుతుంది, జబ్బూ పేదరికమూ విశ్వాసికి ఉండకూడదు అన్నది దాని సారం. అక్కడినుంచి టీవీ ద్వారా మన ఇళ్లలోకి వచ్చింది. మన దగ్గర అది వలస కూలి జేబులోంచి తీస్తుంది. హైదరాబాద్‌లో, చెన్నైలో తాపీ పని చేసి పంపిన డబ్బులోంచి.

మలాకీ 3:10 చదివి దశమ భాగం (రాబడిలో పదో వంతు) అడుగుతారు. ఇవ్వడం మంచిదే, మా ఇంట్లోనూ తీస్తాం. అదే పౌలు యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పోగుచేసిన డబ్బు మోసుకెళ్లేటప్పుడు ఏం చేశాడో 2 కొరింథీయులకు 8:20, 21లో చూడండి. తన మీద ఎవరూ వేలెత్తి చూపకూడదని, సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని వెంట తీసుకెళ్లాడు. అపొస్తలుడే ఒంటరిగా డబ్బు ముట్టుకోలేదు. మన మందిరాల్లో గోడకి అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూడండి, ఎవరి పేరు వస్తుందో. పాస్టరుగారి పేరో, ఆయన భార్య అమ్మగారి పేరో వస్తే, సంఘం పేరున ఖాతా తెరవమని అడగండి. సొసైటీగా రిజిస్టరైన సంఘమైతే లెక్కలు సభ్యుల ముందు పెట్టడం దయ కాదు, బాధ్యత.

పక్కింటివాళ్లు మైకు గురించి ఫిర్యాదు చేశారు. ఇది మన విశ్వాసం మీద హింసేనా?

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. గుడికీ, మసీదుకీ, మనకీ అదే కొలత. ఆయన కూతురికి పదో తరగతి పరీక్షలు ఉన్నాయేమో కనుక్కున్నారా?

కొత్త పాటలు వచ్చాక పాత కీర్తనలు పోయాయి. మీకు బాధ లేదా?

ఉంది. కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు (1803 నుంచి 1890) మన పొరుగు మనిషి, పర్లాకిమిడి ప్రాంతంవారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే రాగం, తాళం పైన రాసి ఉంటాయి. సిద్ధాంతాన్ని ఆయన పాటలోకి ఎక్కించిన తీరు వేరు. మా అమ్మకి చదువు అంతంతమాత్రం, కానీ త్రిత్వం గురించి, ప్రాయశ్చిత్తం గురించి ఆవిడకి తెలిసినదంతా కీర్తనల్లోంచే తెలిసింది. కొత్త పాటల్లోనూ మంచివి ఉన్నాయి, పిల్లలు వాటితోనే ఏడుస్తున్నారు. ఒక్క విషయం: రిథమ్ ప్యాడ్ ఆగగానే "అభిషేకం (ఆత్మ ప్రభావం) తగ్గిపోయింది" అంటే, మనం దేన్ని అభిషేకం అంటున్నామో చూసుకోవాలి. ఈ మధ్య మా మందిరంలో కరెంటు పోయింది. డోలక్, తాళాలు, పాత పుస్తకం. ఆ ఆదివారం గురించి ఇంకా మాట్లాడుకుంటున్నారు.

పాస్టరుగారు ఫలానా పార్టీకి ఓటేయమని చెప్పొచ్చా?

తన అభిప్రాయం తనకి ఉండొచ్చు, ఇంట్లో మాట్లాడుకోవచ్చు. ప్రసంగ వేదిక మీదనుంచి చెప్పకూడదు. ఇందులో చట్టమూ ఉంది, వాక్యమూ ఉంది.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ చూడండి. అభ్యర్థి గానీ, ఆయన ఏజెంటు గానీ, వాళ్ల సమ్మతితో ఇంకెవరైనా గానీ మతం పేరు చెప్పి ఓటు అడిగితే అది అవినీతి చర్య, ఎన్నిక రద్దు కావచ్చు. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం, 4 : 3 తేడాతో, అది అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతమైనా సరే అని తేల్చింది. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, చాలామందికి తెలియదు: దేవుడి కోపానికి గురవుతావని ఓటరుని నమ్మించడం కూడా తప్పే. "వీళ్లకి వేయకపోతే శాపం" అన్న ప్రసంగం అభ్యర్థి సమ్మతితో జరిగితే నేరుగా అందులోకి వస్తుంది. ఆరాధనా స్థలాల్ని ప్రచారానికి వాడకూడదని ఎన్నికల ప్రవర్తన నియమావళి, రాజకీయ పనులకి వాడకూడదని 1988 చట్టం.

2024లో మన దగ్గర పోలింగ్ మే 13, సోమవారం. ముందు రోజు ఆదివారం. ప్రచారం గడువు శనివారం సాయంత్రమే ముగిసింది, పార్టీల మైకులన్నీ మూగబోయాయి. ఆ ఆదివారం ఊళ్లో ఇంకా మోగుతున్న మైకులు మావే. ఆ పొద్దున నేను కూర్చున్న ఒక మందిరంలో గుర్తు పేరు చెప్పలేదు గానీ, దేవుడు ఎంచుకున్న దావీదు ఎవరో, తోసేసిన సౌలు రాజు ఎవరో చిన్నపిల్లలకి కూడా అర్థమైంది. నా ముందు వరసలో ఓ కుటుంబం బైబిలు మూసేసి లేచి వెళ్లిపోయింది. వాళ్లు మరో పార్టీవాళ్లు. ఆరేళ్లుగా ఆ సంఘంలో ఉన్నవాళ్లు. మళ్లీ రాలేదు.

ఓటుకి డబ్బు తీసుకోవద్దని చెప్పండి. సారా పంచితే తప్పని చెప్పండి. రాజు ఆశపడ్డ ద్రాక్షతోట కోసం రాణి నాబోతును చంపించిన కథ చెప్పండి. అధికారుల కోసం ప్రార్థన చేయమని 1 తిమోతి 2:2లో ఉంది, గెలిచినవాళ్లు ఎవరైనా సరే. ఇదంతా రాజకీయమే. పార్టీ పేరు లేకుండానే చెప్పొచ్చు.

సెమీ క్రిస్మస్‌కి నాయకుల్ని పిలవొచ్చా?

పిలవండి, కేకు పెట్టండి. ముందు వరస కుర్చీ కూడా వేయండి. ఆయన వచ్చేదాకా రెండు గంటలు వాక్యం ఆపి పిల్లల చేత డాన్సులు చేయించడం ఎందుకో మాత్రం నాకు అర్థం కాదు.

అమెరికా ప్రవక్తలు ఎన్నికల గురించి చెప్పినవి యూట్యూబ్‌లో తెలుగు డబ్బింగ్‌తో వస్తున్నాయి. నమ్మాలా?

2020లో ట్రంప్ మళ్లీ గెలుస్తాడని అక్కడ చాలామంది ప్రవచించారు. ఓడిపోయాడు. ఒకరిద్దరు బహిరంగంగా క్షమాపణ అడిగారు, అడిగినందుకు సొంతవాళ్లే వాళ్లని తిట్టిపోశారు. 2024లో ఆయన గెలిచాక, "చూశారా, మేం చెప్పిందే" అన్నవాళ్లూ ఉన్నారు. మా నోట్‌బుక్‌లో అయితే తేదీ ఉండేది.

అదే గూటినుంచి వచ్చినది "ఏడు పర్వతాలు" అనే బోధ. ప్రభుత్వం, చదువు, మీడియా, వ్యాపారం, కళలు, కుటుంబం, మతం, ఈ ఏడింటి మీదా విశ్వాసులు పట్టు సాధించాలని. 1975లో అమెరికా సువార్త సంస్థల నాయకులు లోరెన్ కన్నింగ్‌హామ్, బిల్ బ్రైట్ ఈ రంగాల్లో సువార్తకి చోటు ఉండాలనే ఉద్దేశంతో మాట్లాడుకున్న ఆలోచన, తర్వాతివాళ్ల చేతుల్లో అధికారం చేజిక్కించుకునే బోధగా మారింది. దాన్ని తెలుగులోకి అనువదించి, మొన్న ఒక కుర్రాడు స్టేజీ ఎక్కి "ఏడు కొండలు మనవే!" అని అరిచాడు. ఆంధ్ర దేశంలో నిలబడి ఆ మాట అంటే బయట వినేవాళ్లకి ఏ కొండలు గుర్తొస్తాయో ఆ అబ్బాయికి తట్టలేదు. కిందకి దించి, పక్కకి తీసుకెళ్లి చెప్పాం. వాడు తెల్లబోయాడు, పాపం. తలా తోకా తెలియకుండా అక్కడి మాట ఇక్కడికి తెస్తే ఇలాగే అవుతుంది. క్రైస్తవులు మెజారిటీగా ఉన్న దేశంలో పుట్టిన కలని, నూటికి ఇద్దరో ముగ్గురో ఉన్న ఊళ్లో కనడం ఒక రకం పిచ్చి. ప్రభువు తన రాజ్యం ఈ లోక సంబంధమైనది కాదన్నది రోమా అధికారి ముందు నిలబడి.

ప్రభుత్వం పాస్టర్లకి నెలకి 5,000 గౌరవ వేతనం ఇస్తోంది కదా. తీసుకోవచ్చా?

మన్యం వైపు సంఘం నడిపే పాస్టరుకి కానుక సంచిలో వారానికి మూడు వందలు రావడం కష్టం. ఆయన తీసుకుంటే నేను వేలెత్తి చూపను. అర్చకులకీ, ఇమాములకీ కూడా ప్రభుత్వ సహాయం ఉంది. అయినా నా మనసుకి ఇది నచ్చదు. జీతం ఇచ్చేవాడి తప్పుని ఎత్తిచూపడానికి నోరు ఎంత లేస్తుంది? పైగా సంఘాలు "ప్రభుత్వం ఇస్తోందిగా" అని తమ చెయ్యి ముడుచుకుంటున్నాయి. పాస్టరుని పోషించాల్సింది సంఘం. ఈ విషయంలో మా తరగతిలో సగం మంది నాతో ఏకీభవించరు.

బాప్తిస్మం తీసుకుంటాను గానీ రిజిస్టర్‌లో రాయొద్దు, ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. ఇది అబద్ధమేనా?

ఈ ప్రశ్నకి నేను తొందరగా జవాబు చెప్పలేను.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకీ ముస్లింలకీ లేదు. మన రాష్ట్రంలో ఎస్సీలనుంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు, ఒక శాతం రిజర్వేషన్. ఎస్టీలకి మతం షరతు లేదు, కాబట్టి సీతంపేట వైపు సవర, జాతాపు విశ్వాసులకి ఈ చిక్కు లేదు. పల్లంలో ఉన్నవాళ్లకే ఉంది.

దాచడం తప్పా అంటే, తప్పే. అయితే బాప్తిస్మం తీసుకున్న మర్నాడు ఊరి బావి దగ్గర అతని కులం మారిందా? మారలేదు. అవమానం అలాగే ఉండి, దానికి ఇచ్చిన పరిహారం మాత్రం పోవడం న్యాయమా అన్నది ప్రభుత్వాన్ని అడగాల్సిన ప్రశ్న. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో సంబంధం లేకుండా ఎస్సీ హోదా ఉండాలని సిఫారసు చేసింది. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. మనవాళ్లు ఏడు పర్వతాల కోసం కాకుండా దీనికోసం ఒక్క వినతిపత్రం రాస్తే బాగుండు.

ఇంకో మాట, నొప్పిగా ఉంటుంది. చట్టం సంగతి అలా ఉంచి, మన పెళ్లి సంబంధాల గ్రూపుల్లో "మా కులం క్రైస్తవులే కావలెను" అని రాసేది ఎవరు? క్రీస్తులో అందరూ ఒక్కటే అనే గలతీయులకు 3:28 కంఠస్థం వచ్చినవాళ్లే. కులం చూడని పెంతెకొస్తు పాకల్ని కొన్నింటిని నేను చూశాను. పెద్ద మందిరాల బాప్టిస్టులం మేం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది అక్కడ ఉంది.

పాతపట్నం నుంచి పర్లాకిమిడి వెళ్లి కరపత్రాలు పంచొచ్చా?

అరగంట కూడా పట్టని దూరమే, కానీ చట్టం మారిపోతుంది. ఒడిశాలో 1967 నుంచి మతమార్పిడి చట్టం ఉంది. బలవంతం, మోసం, ప్రలోభం ఉంటే జైలు. స్థానిక సంఘాన్ని అడగకుండా, చిన్నపిల్లలకి బిస్కెట్లు పంచుతూ వెళ్లడం అక్కడివాళ్ల మెడకి ఉచ్చు. మీరు సాయంత్రం బస్సెక్కి వచ్చేస్తారు. కేసు వాళ్ల మీద ఉంటుంది.

తిత్లీ తుఫాను దేవుని తీర్పేనా?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పడిపోయిన కొబ్బరి చెట్లలో విశ్వాసులవీ ఉన్నాయి. ఆ వారం తీర్పని ప్రసంగించినవాళ్లు ఉన్నారు, జనరేటర్ పెట్టి ఊరికి నీళ్లు తోడి పోసినవాళ్లూ ఉన్నారు. 1974లో స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో ప్రపంచ సువార్తికులు కూర్చుని, సువార్త చెప్పడం, సమాజ బాధ్యత రెండూ మన పనే అని ఒప్పుకున్నారు. మనవైపు అది ఒక బోరింగు, ఒక జనరేటరు.

ఇవన్నీ అడిగితే పాస్టరుగారికి కోపం రాదా?

వస్తుంది. కానుకల లెక్క నోటీసు బోర్డు మీద పెట్టమని నేను అడిగినప్పుడు మా పాస్టరుగారికీ వచ్చింది. మూడు వారాలు "వందనాలు" తప్ప నాతో మాట లేదు. ఒంటరిగా వెళ్లకండి, ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకెళ్లండి. బైబిలు తీసుకెళ్లండి, ఫోన్‌లో రికార్డు మాత్రం చేయకండి. అమ్మగారు టీ ఇస్తే తాగండి.

నాలుగో ఆదివారం పొద్దున వెళ్లేసరికి బోర్డు మీద కాగితం ఉంది, ఆయన చేతిరాతే. ఎప్పుడూ వెనక చాప మీద కూర్చునే అవ్వ, కూరగాయలు అమ్ముతుంది, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి వేలితో ఒక్కో అంకె దిగుతూ వచ్చింది. "అయ్యగారూ, ఇక్కడ తొంభై రూపాయలు తేడా వస్తోంది" అంది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, మళ్లీ కూడి, కొట్టేసి, పక్కన రాసి సంతకం పెట్టారు.